వేలిముద్ర వేసిన పూట

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆగమ్మ మాట్లాడనివ్వడం లేదు.

"మెల్లగ," అంటుంది నడిమి అర్ర గడపలో కూర్చుని, పెదవుల మీద వేలు పెట్టుకుని. "ఆయన ఇప్పుడే పండుకున్నడు."

ఆయన అంటే దుర్గయ్య. ఆగమ్మ పెనిమిటి. పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది.

మొదటి రోజు కొడుకు రామలింగయ్య తల్లిని కసురుకున్నాడు. రెండో రోజు విననట్టు ఊరుకున్నాడు. మూడో రోజు పొద్దున బస్తీకి నల్లా నీళ్ళు వదిలే డ్యూటీ దిగి ఇంటికొచ్చి, సైకిలును గోడకు చప్పుడు కాకుండా ఆనించాడు. అలా ఆనించానని అతనికే తెలియదు. వాకిట్లో బోళ్ళు తోముతున్న భార్య సుందరమ్మ అది చూసింది. చేతిలోని బూడిద అలాగే ఉండిపోయింది. తను కూడా గిన్నె మీద గిన్నె తగలకుండా పెడుతున్నదని అప్పుడే గమనించింది.

ఛత్రినాకలో బోనాల డప్పులు మొదలయ్యాయి. వీధి చివర నుంచి ఆ మోత వినిపించినప్పుడల్లా ఆగమ్మ చెవులు మూసుకుని కోడలి వైపు చూస్తుంది. నువ్వయినా పోయి ఆపమని చెప్పవే అన్నట్టుంటుంది ఆ చూపు.

ఇదంతా సోమవారం నాడు కోర్టులో పడ్డ ఒక్క మాటతో వచ్చింది. దుర్గయ్య మొదటి భార్య కొడుకు బాలనర్సింహ ఇంట్లో సగం వాటా కావాలని దావా వేసి ఏడాది దాటింది. ఇటువైపు ఉన్న ఆధారం ఒక్కటే: ఇల్లు చిన్న కొడుకు రామలింగయ్యకే చెందాలని దుర్గయ్య ఉర్దూలో రాయించి, ఎడమ బొటనవేలు ఒత్తిన వీలునామా. దాని తర్జుమా సోమవారం చదివారు. తర్జుమాలో తేదీ వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై అయిదు నవంబరు అని ఉంది. ఎదుటి వకీలు తాపీగా లేచి, బాలనర్సింహ రైల్వే కార్ఖానాలో తండ్రి చావుకు పెట్టిన సెలవు చీటీ చూపించాడు. అది నలభై నాలుగు నవంబరుది.

"అంటే హుజూర్, దుర్గయ్య పోయిన ఏడాదికి లేచొచ్చి, వేలిముద్ర వేసి, మళ్ళీ పోయి పండుకున్నాడన్న మాట," అన్నాడు ఆ వకీలు.

కోర్టంతా నవ్వింది. రామలింగయ్య ఇంటికొచ్చి ఆ మాట పొల్లు పోకుండా చెప్పాడు. ఆగమ్మ వింది. ఆ సాయంత్రమే నడిమి అర్ర తలుపు దగ్గరగా వేసి, గడపలో కూర్చుంది.

"నీళ్ళు ఇడువ బోతే బస్తీల గూడ అదే మాట," అన్నాడు రామలింగయ్య అన్నం ముందు కూర్చుని, గొంతు తగ్గించి. "మీ బాపును పిలువు, నల్లా తిప్పిపోతడు అంటున్నరు."

సుందరమ్మ పప్పు వడ్డించింది.

"నువ్వు ఆ ఏడే కదా వచ్చినవు ఈ ఇంటికి. నీకేం యాది లేదా?"

"పద్నాలుగేండ్ల పిల్లను. ఏం యాదుంటది."

ఆ మాట అంటూనే ఆమె కుడిచేతి ఉంగరపు వేలును కొంగుతో తుడుచుకుంది. వేలికి ఏమీ అంటి లేదు. మూడు రోజుల నుంచి తుడుస్తూనే ఉంది.

యాది లేకేం. కార్తీకం వెళ్ళే అమావాస్య నాడు పోయాడు మామ. మరునాడు పొద్దున వాకిట్లో పలక మీద పడుకోబెట్టి స్నానం చేయిస్తుంటే, కొత్త కోడలు చేతులతో నీళ్ళు పోయమన్నారు పెద్దలు. పోసింది. మామ ఎడమచేతి బొటనవేలి నుంచి నల్లగా, నీలంగా ఏదో కారింది. చెంబు పట్టుకున్న ఆమె వేలికి అంటింది. కుంకుడు రసంతో రుద్దినా వారం రోజులు పోలేదు. చచ్చినవాళ్ళ ఒంట్లో నుంచి అలాంటిది కారుతుంది కాబోలనుకుంది ఆ పద్నాలుగేళ్ళ పిల్ల. ఎవరినీ అడగలేదు.

అది సిరా అని అయిదారేళ్ళ తర్వాత, ఆసుపత్రిలో తనే వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

* * *

గురువారం నాడు ఇద్దరూ పురానాపూల్ దగ్గర వకీలు వెంకటనారాయణ ఇంటికి వెళ్ళారు. ఆయన ముందుగదిలో పుస్తకాల బీరువా పక్కన తెల్ల గడ్డం పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు నసీరుద్దీన్. కోర్టు బయట అర్జీలు, దస్తావేజులు రాసేవాడు. ఉర్దూ కాగితం మరోసారి చదివించాలని వకీలే పిలిపించాడు.

రామలింగయ్య కుర్చీ అంచున కూర్చుని అడిగాడు.

"సార్, నాకు చదువు లేదు. ఒక్కటే చెప్పుండ్రి. ఇల్లు మాదా, కాదా?"

వెంకటనారాయణ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "రామలింగయ్యా, వాల్వు తిప్పితే నీళ్ళు వస్తాయా రావా అని నిన్నడిగితే ఏం చెప్తావు?"

"అట్లెట్ల చెప్త సార్. పైన ట్యాంకుల ఉండాలె. పైపు పగలొద్దు. ముందటి గల్లీ వాల్వు బంద్ ఉండాలె."

"నేనూ అదే అంటున్నా."

అని ఆయన మొదలుపెట్టాడు. ఇల్లు దుర్గయ్య తన కూలి డబ్బుతో కొన్నదయితే ఎవరికైనా రాసివ్వొచ్చు. తన తండ్రి సొమ్ము ఒక్క రూపాయి అందులో కలిసిందన్నా మాట మారుతుంది. వీలునామాకు ఇద్దరు సాక్షులుండాలి. ఉన్నారు. అయితే ఒకరు పోయారు, ఇంకొకరు ఎటు పోయారో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళు బాలనర్సింహ నోరు మెదపలేదు కదా అంటే, ఉమ్మడి ఇంట్లో తమ్ముడు కాపురమున్నా అన్న ఉన్నట్టే లెక్క, ఊరుకున్నంత మాత్రాన హక్కు పోదంటుంది చట్టం. ఇవన్నీ దాటితే అప్పుడు తేదీ.

"ఆ తేదీ మనం చేయించిన తర్జుమాలోదే. మన తాడే మన మెడకు చుట్టుకుంది," అన్నాడు.

సుందరమ్మ గోడవార నిలబడి ఉంది. నసీరుద్దీన్ కాగితాన్ని కిటికీ వెలుగులోకి వంచి చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. ఉన్నట్టుండి నవ్వాడు.

"వకీల్ సాబ్, ఎవరు చేసిండ్రు ఈ తర్జుమా? కొత్త ఆయన ఉంటడు."

"ఏం, ఎందుకు?"

"దీంట్ల ఉన్నది ఫసలీ సన్. తేరా సౌ చౌవన్, అంటే పదమూడు నూర్ల యాభై నాలుగు. నిజాం జమానల దఫ్తర్లన్ని దీని మీదనే నడిచినయి. ఫసలీ సాల్ దసరా దినాలల్ల ఆజూర్ నెలతోని మొదలైతది. ఇంగ్లీషు సన్ కావాలంటే మొదటి మూడు నెలలకు అయిదు నూర్ల తొంభై కలపాలె, తర్వాత నెలలకు తొంభై ఒకటి. ఇది దై నెల, రెండోది. ఆయన తొంభై ఒకటి కలిపిండు. ఏడాది తప్పింది."

వెంకటనారాయణ గబగబా కాగితం మీద లెక్క వేశాడు. నలభై నాలుగు నవంబరు వచ్చింది.

రామలింగయ్య రెండు చేతులూ జోడించి నసీరుద్దీన్‌కు దండం పెట్టాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బతికించినవు సాబ్. మా బాపు లేచి రాలేదు. బతికున్నప్పుడే ఏసిండు."

"ఆగయ్యా," అన్నాడు వకీలు. "నవంబరులో ఏ రోజు?"

నసీరుద్దీన్ వేలు కాగితం మీద కిందికి జరిగింది. "దై పదకొండు. పక్కకు చాంద్ తారీఖు గూడ రాసిండు. జీఖాద్ ఇరవై తొమ్మిది. అంటే ఆకాశంల చంద్రుడు లేని దినం. మీ లెక్కల..."

"అమావాస్య," అంది సుందరమ్మ.

గదిలో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ ఆమె వైపు తిరిగారు. అంతసేపూ ఆమె అక్కడున్న సంగతే వాళ్ళకు గుర్తున్నట్టు లేదు.

"కార్తీకం ఎల్లే అమాస. ఆ దినమే మామ పోయిండు."

వెంకటనారాయణ కలం కింద పెట్టాడు. ఏడాది దూరంలో ఉన్న ముద్ర ఒక్క కూడికతో ఆ రోజుకే వచ్చి నిలబడింది. బయట మూసీ వంతెన మీద రిక్షా గంటలు వినిపిస్తున్నాయి.

"ఏ పూట పోయాడు?" అన్నాడు వకీలు.

"పొద్దు గూకినంక," అన్నాడు రామలింగయ్య. "దీపాలు పెట్టే యాళ్ళకు మా అవ్వ బయటికొచ్చి ఏడ్సిందట."

"ముద్ర ఏ పూట వేశాడు?"

ఈసారి జవాబు నసీరుద్దీన్ చెప్పాడు. ఈ కాగితం రాసింది గులాం నబీ, తన భార్య తండ్రి, తనకు పని నేర్పినవాడు. ఆయనకో అలవాటుండేది. ఏ కాగితమైనా ముగించాక, కింద మూలన, ఏ నమాజు తర్వాత ముగించాడో సన్నగా రాసేవాడు. అడిగితే, తారీఖు రాజుది, పూట అల్లాది అనేవాడట. ఈ కాగితం మీద బాద్ నమాజె అసర్ అని ఉంది. పొద్దు వాలే వేళ.

"మంచిది," అన్నాడు వెంకటనారాయణ. "అసర్ ముందు, దీపాలు తర్వాత. మధ్యలో గంటన్నర. ఆ పగలు మనిషి బతికున్నాడనీ, తెలివితో ఉన్నాడనీ చెప్పే సాక్షి కావాలి. ముసలామె చెప్తుందా?"

తల్లి పరిస్థితి రామలింగయ్య తల వంచుకుని చెప్పాడు. చనిపోయినాయన పండుకున్నాడంటున్న మనిషిని బోను ఎక్కిస్తే, ఎదుటివాడు మళ్ళీ నవ్విస్తాడు. తనేమో ఆ రోజు చీకటి పడ్డాక వచ్చాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారు ఆ రోజు?"

రామలింగయ్య భార్యను చూశాడు. "ఈమె ఉండె."

"లోపలికి పోయిందా?"

"పోయిన," అంది సుందరమ్మ. "పగటీలి గంజి ఇయ్యనీకి."

"మాట్లాడాడా? కళ్ళు తెరిచాడా? ఒక్క మాట చాలు తల్లీ. వచ్చే మంగళవారం చెప్పాలి."

ఆమె నోరు విప్పేలోపే, చెప్తది సార్ అన్నాడు రామలింగయ్య.

ఇంతకాలం ఎవరికీ చెప్పనివి సుందరమ్మ దగ్గర రెండున్నాయి. సిరా ఒకటి. దాన్ని వకీలుకు చెప్పినా ఆయన తీసేస్తాడు. ఎండిన సిరా మీద నీళ్ళు పోస్తే కారదా తల్లీ అంటాడు. నిజమే, కారుతుంది.

రెండోదాన్ని తీసేయలేడు. ఆ పగలు ఆమె గంజి గిన్నె కింద పెడుతూ, మొక్కుదామని మామ పాదం ముట్టుకుంది. పాదం బండలా ఉంది. వాకిట్లో ఎండలో నుంచి వచ్చిన పిల్ల చేతికి ఆ చలువ మోచేతి దాకా ఎక్కింది. తల దగ్గర ఆగమ్మ కూర్చుని ఉంది. అప్పుడు కూడా పెదవుల మీద వేలు పెట్టుకుని, మెల్లగ అంది. ఇప్పుడే పండుకున్నడంది.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి నసీరుద్దీన్ సుందరమ్మను పిలిచాడు. రామలింగయ్య అప్పటికే బీడీ కోసం పాన్ డబ్బా దగ్గరికి వెళ్ళాడు.

"బేటీ, వకీల్ సాబ్ ముందట అనలేదు. అడగలేదు గనక అనలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ప్రతి కాగితం ఆఖర్ల మేం రెండు మాటలు రాస్తం. చదివి వినిపించినం అని ఒకటి. విని ఒప్పుకున్నడు అని ఇంకొకటి. మా మామ గులాం నబీ రాసిన వందల కాగితాలు చూసిన. రెండూ ఉంటయి. దీంట్ల మొదటిది ఉన్నది. రెండోది లేదు."

"మర్చిపోయిండేమో, సాబ్."

"కావొచ్చు. అప్పటికే ఆయనకు కండ్లల్ల పొర వచ్చింది, చూపు తక్కువ. కావొచ్చు." ఆయన వంతెన వైపు చూశాడు. "కాని మా మామ అబద్ధం రాయడు బేటీ. రాయకుండ వదిలిపెడ్తడు."

* * *

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. రామలింగయ్య మబ్బు విడిచినట్టున్నాడు. వీధి మొగలోనే నలుగురికి లెక్క తప్పిన సంగతి చెప్పి, డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ, వకీల్ చెప్పినట్టు రెండు ముక్కలు నోటికి పట్టిచ్చుకోమన్నాడు భార్యకు.

నడిమి అర్ర తలుపు దగ్గరగా వేసి ఉంది. గడపలో ఆగమ్మ లేదు.

సుందరమ్మ తలుపు నెట్టింది. లోపల కిటికీ మూసి ఉంది. పెంకుల సందు నుంచి పడ్డ వెలుగు చారలో, సున్నం గోడ మీద చీమల బారులాంటిది కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వేలిముద్రలు. నల్లగా, ఒకదాని పక్కన ఒకటి, మనిషి కూర్చుంటే చేయి అందేంత ఎత్తులో, గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా. కొన్ని గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. కొన్ని సగం పడి, పక్కకు జారి, పొడుగ్గా సాగి ఉన్నాయి.

గోడ కింద ఆగమ్మ కూర్చుని ఉంది. ముందర దీపపు మసి పట్టిన మూకుడు. ఎడమ బొటనవేలును కుడిచేత్తో పట్టుకుని, మసిలో అద్ది, గోడకు ఒత్తుతోంది.

"ఏం చేస్తున్నవ్ అత్తా?"

"చూస్తున్న." ఆమె తల తిప్పలేదు. "వేలు తనంతట తాను ఒత్తితే ఒక తీరు పడ్తది. ఇంకొకలు పట్టి ఒత్తిపిస్తే ఒక తీరు పడ్తది. ఏది ఏదో దొరుకతలేదు బిడ్డా. రెండూ నా వేలే కదా."

మూడు రోజులలో ఆమె నోట వచ్చిన తెలివైన మాట అదే. సుందరమ్మ చతికిలబడి ఆ చేయి పట్టుకుంది. ముసలి వేలు మసితో జిగటగా ఉంది.

"అత్తా, నన్ను కోర్టుకు రమ్మంటున్నరు. ఒట్టు పెట్టి చెప్పాలె. ఆ పొద్దు నేను వచ్చినప్పుడు మామ పాదం సల్లగుండె. నువ్వు పండుకున్నడన్నవు."

బయట ఎక్కడో డప్పు ఆగి, మళ్ళీ మొదలయింది.

"పాదాలు పొద్దుగాలనే సల్లబడ్డయి," అంది ఆగమ్మ. "మోకాళ్ళు పగటీలికి. పానం ఒక్కపారే పోతదా బిడ్డా, తలుపు తీసుకొని పోయినట్టు? కింది నుంచి ఒక్కొక్క దీపం ఆర్పుకుంట పోయింది. నేను వేలు పట్టుకొనే కూసున్న. వేలు ఎచ్చగనే ఉండె."

"కాగితం రాసే సాబు వచ్చేదాకనా?"

"సాబు వచ్చేదాక. పోయినంక గూడ." ఆమె తన రెండు చేతులనూ చూసుకుంది. "పొద్దుగాల నుంచి పట్టుకుంటి కదా. నేను పట్టుకున్నందుకు ఎచ్చగుండెనో, ఉన్నందుకు ఎచ్చగుండెనో. గది నన్నడగొద్దు."

"ఎందుకట్ల చేసినవ్ అత్తా? బావ మంచోడే కదా."

"బాలయ్య మంచోడే. మంచోడైనా పెద్దామె కొడుకే. నాకు అప్పుడు గింత ధైర్యం లేకుండె." మసి వేలితో గోరంత చూపించింది. తర్వాత ఆ కళ్ళలో వెలుగు తగ్గింది. మూకుడును పక్కకు జరిపి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. నల్లటి ముద్ర పెదవి మీద పడింది.

"మెల్లగ మాట్లాడు," అంది.

* * *

పొద్దు గూకే వేళ రామలింగయ్య డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. సుందరమ్మ దీపం గ్లాసు తుడుస్తోంది. అరుగు మీద ఎవరో కూర్చున్న అలికిడయింది. తలుపు కొట్టలేదు, పిలవలేదు.

బాలనర్సింహ. జుట్టంతా నెరిసింది. చెప్పులు మెట్టు కింద విడిచి, వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

రామలింగయ్య తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మీ లెక్క తప్పిందని తెలిసిందా? రాజీకొచ్చినవా?"

"కేసు మాట కాదు. ఒకటి అడిగి పోత."

"మీ వకీల్ పంపిండా?"

"వకీల్‌కు తెలిస్తే తిడ్తడు." బాలనర్సింహ అరుగు రాయిని అరచేత్తో తడిమాడు. "ఏడాది తర్వాత ఏసిండన్నది ఆయన మాట. నాది కాదు. ఏ దినం ఏసిండో నాకు ఎరుకే. నేను గీడనే కూసున్న ఆ పొద్దు."

సుందరమ్మ గ్లాసు కింద పెట్టి గుమ్మం దాకా వచ్చింది.

ఆ రోజు కార్ఖానాకు కబురందగానే అతను షిఫ్టు విడిచి పరుగెత్తుకొచ్చాడట. చిన్నవ్వ ఆగమ్మ తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడే పండుకున్నడు, లేపొద్దంది. సరేనని అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి అదే తలుపు తీసుకుని, కలాలు, సిరాబుడ్డి ఉన్న కలందాన్ చంకన పెట్టుకుని, గోడ తడుముకుంటూ ముసలి సాబు బయటికొచ్చాడు. వెనక ఇద్దరు. తర్వాత దీపాలు పెట్టారు. తర్వాత ఏడుపు వినిపించింది.

"కాగితం రాసెటోనికి మెలకువున్నడు. నాకు పండుకున్నడు." అతని గొంతులో కోపం లేదు. "ఇరవై ఎనిమిదేండ్ల నుంచి గదే తింటున్నది నన్ను. దావా గూడ అందుకే ఏసిన. కోర్టన్న చెప్తదనుకున్న. కోర్టు సన్ అడుగుతది, తారీఖు అడుగుతది. నాకు కావలసింది అడుగతలేదు."

"ఏం కావాలె నీకు?"

"నేను గీడ కూసున్నప్పుడు బాపు పానంతోని ఉండెనా, లేకుండెనా. గంతే."

వీధిలో ఎవరో బోనం ఎత్తుకుని పోతున్నారు. వేపమండల వాసన వచ్చి పోయింది.

రామలింగయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉండె. తెలివితోనే ఉండె. పొద్దు గూకినంకనే పోయిండు."

బాలనర్సింహ తల ఊపాడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. ఎవరో చెప్పిన ధరకు ఒప్పుకున్నట్టు.

"అయితే బాపే నన్ను చూడనొల్లలేదన్నట్టు," అన్నాడు. లేచి, మసక చీకట్లో కాలితో చెప్పులు వెతుక్కున్నాడు.

సుందరమ్మకు అప్పుడు తెలిసింది. మంగళవారం నాడు బోను ఎక్కి ఆ ఒక్క మాట చెబితే ఇల్లు నిలుస్తుంది. అదే మాట ఈ మనిషి ఎదమీద రాయిగా పడి ఉంటుంది, చచ్చేదాకా. పాదం చల్లగా ఉండె అంటే అతని రాయి దిగుతుంది. ఈ కప్పు కూలుతుంది. లోపలున్న ముసలామె ఏమవుతుందో.

"ఎవలు? బాలయ్యనా?"

నడిమి అర్రలో నుంచి వచ్చింది ఆ గొంతు. ముసలి గొంతు కాదు. ఇల్లు నడిపే ఆడమనిషి గొంతు, గట్టిగా, తొందరగా, కొంచెం భయంగా.

"మెల్లగ బిడ్డా. మీ బాపు ఇప్పుడే పండుకున్నడు. లేపకు."

బాలనర్సింహ కాలు చెప్పులో సగం దూరి ఆగిపోయింది. అతను వెనక్కి తిరిగాడు. నెరిసిన జుట్టు కింద ఆ ముఖం ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడిదిలా అయిపోయింది. సరేనని మళ్ళీ అరుగు మీద కూర్చోబోయాడు కూడా.

"బావా, కూసోకు," అంది సుందరమ్మ.

రామలింగయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. ఉంగరపు వేలును ఈసారి కొంగుతో తుడుచుకోలేదు కూడా.

"ఆ పొద్దు పగటీలి గంజి తీసుకొని లోపటికి పోయింది నేను."

"సుందరా," అన్నాడు రామలింగయ్య. అప్పుడు కూడా అతని గొంతు లేవలేదు. ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టే అన్నాడు.

లోపల నడిమి అర్ర గొళ్ళెం కదిలింది. ఆగమ్మ దాన్ని వేస్తున్నదో, తీస్తున్నదో, ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.